పందెం లేని పాచికలు

(మా గ్రామీణ విలేఖరి)

పాచికలు అనగానే మన పల్లెల్లో ముందుగా గుర్తుకు వచ్చేది ధర్మరాజు. రాజ్యాన్ని, తమ్ముళ్ళను, చివరకు ఆలిని కూడా ఒడ్డి ఓడిపోయిన ఆ కథ విననివారు లేరు. అందుకే మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా పెదనాన్నగారి మనవడు సంచీలోంచి ఒక అట్టపెట్టె తీసి, రెండు పాచికలు చాప మీద వేయగానే మా పెద్దమ్మ మండిపడింది.

"ఈ ఇంట్లో పాచికలు వేయడానికి వీల్లేదు. తీసి అవతల పారెయ్!" అంది.

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. మా పెదనాన్నగారు పేకాటలో కాలవ కింది మాగాణి ఎకరన్నర పోగొట్టుకొన్నారు. ముప్పై ఏళ్ళు దాటినా ఆ పొలం పక్కగా నడవవలసి వస్తే పెద్దమ్మ తల తిప్పుకొని పోతుంది. అదీగాక ఆ రోజు ఊరి బయట కోడిపందేల బరి, బరి పక్కన గుండాట జోరుగా సాగుతున్నాయి.

"మామ్మా, ఇందులో పైసా పందెం లేదు. నువ్వే కూర్చుని చూడు. తప్పనిపిస్తే రేపు నేనే పట్టుకుపోతాను" అన్నాడు మనవడు. ఆమె కూర్చుంది. కాని అరుగు మీద, కాస్త ఎడంగా.

పెట్టె మీద పేరు కటాన్. పక్కింటి రైతు అది విని, "కాటన్ దొరగారి ఆటా?" అని అడిగారు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో పంట పండించుకొనే ఊళ్ళో అలా అనుకోవడంలో వింత లేదు. అయితే దొరగారికీ ఈ ఆటకూ సంబంధం లేదు. కటాన్ అన్నది ఒక ఊహా ద్వీపం. ఆ పేరు పెట్టినాయన జర్మనీ దేశస్థుడు.

కట్టుడు పళ్ళ పనివాడు

ఆయన పేరు క్లాస్ టోయ్‌బర్. కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆయన వృత్తి. పగలంతా ఆ పని చేసి, రాత్రిళ్ళు ఇంట్లో కూర్చొని అట్టముక్కల మీద ఆటలు కల్పించేవారు. వాటిని ముందుగా ఆడి చూసింది ఆయన భార్యాపిల్లలే. 1995లో కాస్మోస్ అనే ప్రచురణ సంస్థ కటాన్ ఆటను విడుదల చేసింది. అదే సంవత్సరం ఆ దేశంలో 'ఈ ఏటి మేటి ఆట' బహుమతి దానికి లభించింది. తరువాత కొన్నేళ్ళకు ఆయన పళ్ళ పని మానేసి ఆటలకే అంకితమయ్యారు. 2023లో తన 70వ ఏట కన్నుమూశారు. ఆయన కల్పించిన ఈ ఆట ప్రపంచంలో నాలుగు కోట్ల పెట్టెలకు పైగా అమ్ముడుపోయింది.

ఆ బహుమతి సంగతి కూడా చెప్పుకోదగ్గది. మన పత్రికల్లో సినిమా మీద, నాటకం మీద సమీక్షలు వచ్చినట్లు జర్మనీలో ఆటల మీద సమీక్షలు రాసేవారున్నారు. వారే న్యాయనిర్ణేతలుగా 1979 నుంచి ఏటా ఒక ఆటను ఎంపిక చేస్తున్నారు. ఆటలోని ఊహ కొత్తదా, నియమాలు స్పష్టంగా ఉన్నాయా, బల్ల, కాయలు చక్కగా కుదిరాయా అన్నవి చూస్తారు. నగదు ఇవ్వరు. కాని ఆ గుర్తు పెట్టె మీద పడితే అమ్మకాలు ఇబ్బడిముబ్బడిగా పెరుగుతాయి. 1983లో ఎస్సెన్ నగరంలో మొదలైన ఆటల ప్రదర్శనకు నేడు దేశదేశాల నుంచి జనం జాతరకు వచ్చినట్లు వస్తున్నారు.

ఆడే తీరు

ఆటకు ముగ్గురో నలుగురో ఉండాలి. ఆరు పలకలున్న అట్టబిళ్ళలు పంతొమ్మిదింటిని పేర్చితే ద్వీపం తయారవుతుంది. నాలుగు అడవులు, నాలుగు పంటపొలాలు, నాలుగు గొర్రెల బీళ్ళు, మూడు మట్టి దిబ్బలు, మూడు కొండలు, ఒక ఎడారి. ఎడారి తప్ప ప్రతి బిళ్ళ మీద ఒక అంకె ఉంటుంది. పాచికలు రెండూ కలిపి ఏ అంకె పడితే ఆ అంకె ఉన్న నేల పండుతుంది. దాని అంచున ఇల్లున్న వారందరికీ ఫలితం దక్కుతుంది. పాచిక వేసింది ఎవరైనా సరే.

అడవి కలపనిస్తుంది. మట్టి దిబ్బ ఇటుకనిస్తుంది. బీడు ఉన్నిని, పొలం ధాన్యాన్ని, కొండ ఖనిజాన్ని ఇస్తాయి. ఒక కలప, ఒక ఇటుక ఉంటే బాట వేయవచ్చు. వాటికి ఉన్ని, ధాన్యం కలిపితే ఇల్లు లేస్తుంది. మూడు ఖనిజాలు, రెండు ధాన్యాలు ఇస్తే ఆ ఇల్లు పట్నమవుతుంది. ఇంటికి ఒక పాయింటు, పట్నానికి రెండు. ఇవిగాక బాట పొడవుకూ, మరికొన్నింటికీ పాయింట్లున్నాయి. ముందుగా పది తెచ్చుకొన్నవారిదే గెలుపు.

ఏడు పడితే మాత్రం ఎవరికీ పంట లేదు. దొంగ బొమ్మ బయలుదేరుతుంది. అది కూర్చున్న నేల పండదు. చేతిలో ఏడుకు మించి చీట్లు దాచుకొన్నవారు సగం వదులుకోవాలి. ఎక్కువ దాస్తే ఎక్కువ పోతుందన్నమాట.

ఆటకు ప్రాణం బేరం. అన్నీ ఒకరికే పండవు కనుక అడిగి మార్చుకోక తప్పదు. "రెండు గొర్రెలిస్తాను, ఒక ఇటుక ఇస్తారా?" అని డిగ్రీ చదువుతున్న మా అన్న కూతురు అడిగితే, పక్కింటి రైతు సంతలో ఎడ్ల బేరం చేసినట్లు, "గొర్రెలు నాకెందుకమ్మా, ధాన్యం తీయి" అన్నారు. పూర్వం కళ్ళంలో ధాన్యం కొలిచి కుండలు తీసుకొన్న పద్ధతే ఇది.

గవ్వలు ఎరిగిన చెయ్యి

అప్పటిదాకా మౌనంగా చూస్తున్న పెద్దమ్మ ఒక్కసారిగా నన్ను కేకేసింది. "ఒరేయ్, ఆ మూడు పక్కన, పదకొండు పక్కన కట్టావేంరా? అవి పడతాయా? ఆరు చూడు, ఎనిమిది చూడు, ఎన్నిసార్లు పడుతున్నాయో!"

ఆమె మాట అక్షరాలా నిజం. రెండు పాచికలు 36 రకాలుగా పడవచ్చు. వాటిలో ఏడు ఆరు రకాలుగా, ఆరు గాని ఎనిమిది గాని ఐదేసి రకాలుగా వస్తాయి. మూడు, పదకొండు రెండేసి రకాలుగానే వస్తాయి. రెండు, పన్నెండు ఒక్కొక్క రకంగానే. ఈ లెక్క ఆమెకు ఎవరూ నేర్పలేదు. చిన్ననాడు అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేసి వేసి, నాలుగూ బోర్లా పడి అష్ట రావడం ఎంత అరుదో ఆమె చెయ్యే నేర్చుకొంది. నా ఇళ్ళు ఎండిపోయాయి. మా అన్న కూతురు రెండు గంటల్లోపే పది పాయింట్లు చేసి గెలిచింది.

మంచి చెడ్డలు

ఆడి చూసినవాడిగా మంచి చెడ్డలు రెండూ చెప్పవలసి ఉంది. ఈ ఆటలో మధ్యలో ఓడి లేచిపోయేవారుండరు. వెనుకబడినవాడు కూడా చివరిదాకా బేరంలో ఉంటాడు. ఎదుటివారి వంతులోనూ మన నేల పండవచ్చు కనుక ఎవరూ దిక్కులు చూడరు. అదృష్టం ఉన్నా ఇల్లు ఎక్కడ కట్టాలో ఆలోచించక తప్పదు.

లోపాలూ ఉన్నాయి. మొదట్లో చెడ్డచోట కట్టినవాడు, ఈ విలేఖరి మాదిరిగా, గంటసేపు పస్తుండవలసిందే. ఇద్దరే ఉంటే ఆట లేదు. ముందున్నవారితో మిగతావారు బేరం మానేయడం వల్ల మాటపట్టింపులు వస్తాయి. మాకు దొరికిన పెట్టెలో నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అన్నిటికీ మించి ధర వేలల్లో ఉంది. కూలి చేసుకొనే కుటుంబం కొనగలిగింది కాదు.

మన సొమ్మే తిరిగి వచ్చింది

ఇదంతా చూసి మనకేమీ లేదనుకోవడం పొరపాటు. మన పచ్చీసు ఇంగ్లండు వెళ్ళి లూడోగా పేటెంటు పొందింది. ఆ పచ్చీసు వంశానిదే జర్మనీలో 1914లో అమ్మకానికి వచ్చిన మరో ఆట. దాని పేరును తెలుగులో చెప్పాలంటే 'మనిషీ, కోప్పడకు!' అనాలి. కాయ చచ్చినప్పుడు చెప్పవలసిన మాట అదే కదా! టోయ్‌బర్ పుట్టకముందే ఆ దేశపు పిల్లలు మన ఆట బిడ్డను ఆడుకొంటున్నారు. ఇక మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులిజూదంలో పాచిక అసలే లేదు. అంతా బుద్ధిబలమే. పాత గుళ్ళ మంటపాల రాతినేల మీద ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆడేవారే కనిపించడం లేదు. పిల్లల చేతిలో సెల్‌ఫోన్, పెద్దల చేతిలో పేక ముక్కలు.

గ్రంథాలయాలు పూనుకోవాలి

జర్మనీలో చాలా గ్రంథాలయాలు పుస్తకాలతో పాటు ఆటల పెట్టెలు కూడా ఇంటికి ఇస్తాయి. మనమూ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. శాఖా గ్రంథాలయానికి ఇటువంటి పెట్టె ఒక్కటి, దానితో పాటు తెలుగులో రాసిన నియమాల కాగితం ఒకటి ఇస్తే ఊరి పిల్లలంతా వంతులవారీగా ఆడుకోగలరు. అది వచ్చేలోగా సుద్దముక్కతో పులిజూదం గీయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. నియమాలను తెలుగులో రెండు కాగితాల మీద రాసే పని ఈ విలేఖరి మొదలుపెట్టాడు.

కనుమ మరునాడు మనవడు తిరుగు ప్రయాణమవుతూ పెట్టె సర్దబోయాడు. పెద్దమ్మ ఆపింది.

"అది ఇక్కడే ఉండనీ. పందెం లేదు గనక ఒప్పుకొన్నాను. పేక ముక్క మాత్రం ఈ గడప దాటి రాకూడదు" అంది.

ఇప్పుడా పెట్టె ఆమె గదిలో, ట్రంకుపెట్టె మీద ఉంది. ఆడాలంటే ఆమెను అడిగి తీసుకోవాలి.