మీకు తెలుసా? డైరెక్టర్‌ను దింపే ఓటును కోర్టు ఆపుతుందా?

వెలిమెల నుంచి పటాన్‌చెరు వైపు వెళ్తుంటే గేటుగేటుకీ ‘ప్రైవేట్ లిమిటెడ్’ బోర్డులు. అందులో ఒకటి బావాబావమరుదులు కలిసి పెట్టిన కంపెనీ అనుకోండి. లెక్కల దగ్గర మాటామాటా పెరిగింది. ‘నిన్ను డైరెక్టర్‌గా తీసేస్తా’ అంటాడు ఒకరు. ‘స్టే తెస్తా చూడు’ అంటాడు ఇంకొకరు. ఎవరి మాట నెగ్గుతుంది?

◆ డైరెక్టర్‌ను దింపడానికి మూడింట రెండొంతుల మెజారిటీ అక్కర్లేదు. కంపెనీల చట్టం 2013లోని 169వ సెక్షన్ ప్రకారం మామూలు తీర్మానం చాలు: వ్యతిరేకంగా పడినవాటి కన్నా అనుకూల ఓట్లు ఎక్కువ ఉండాలి, అంతే. అయితే కనీసం 14 రోజుల ముందు ప్రత్యేక నోటీసు ఇవ్వాలి, సమావేశంలో ఆ డైరెక్టర్ మాట వినాలి.

◆ ఓటు హక్కున్న మూలధనంలో 10 శాతం చేతిలో ఉంటే చాలు, ‘మీటింగ్ పెట్టండి’ అని బోర్డును అడగొచ్చు. బోర్డు 21 రోజుల్లో కదలాలి, 45 రోజుల్లోపు సమావేశం జరిగేలా చూడాలి. కదలకపోతే? అడిగినవాళ్లే మూడు నెలల్లోగా పెట్టుకోవచ్చు.

◆ ‘ఎందుకు దింపుతున్నారు?’ అన్న ప్రశ్నకు వాటాదారు జవాబు చెప్పనక్కర్లేదు. ఈ మాట తేల్చిన తీర్పు రాసింది తెలుగువాడే. ట్రాక్టర్ల కంపెనీ ఎస్కార్ట్స్‌లో తొమ్మిది మంది డైరెక్టర్లను మార్చాలని వాటాదారైన ఎల్ఐసీ 1984లో సమావేశం కోరింది. బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. 1985 డిసెంబర్ 19న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తిరగరాసింది. ధర్మాసనం తరఫున రాసినవారు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జిగా పనిచేసి, 1978లో సుప్రీంకోర్టుకు వెళ్లినవారు.

◆ అయినా సమావేశాన్ని ఆపే ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) ప్రయత్నాలు ఆగలేదు. జీ ఎంటర్‌టైన్‌మెంట్‌లో 17.88 శాతం వాటా ఉన్న ఇన్వెస్కో ఫండ్లు 2021లో అప్పటి ఎండీ పునీత్ గోయెంకాను దింపాలని సమావేశం అడిగాయి. అక్టోబర్ 26న బాంబే హైకోర్టు సింగిల్ జడ్జి ఇంజంక్షన్ ఇచ్చారు. 2022 మార్చి 22న డివిజన్ బెంచ్ దాన్ని రద్దు చేసింది. వాటాదారుల హక్కే నిలిచింది కానీ, ఈలోగా ఐదు నెలలు గడిచాయి. గెలిచిన రెండు రోజులకే ఇన్వెస్కో తన డిమాండ్‌ను తానే వదులుకుంది!

◆ దింపడం వేరు, అనర్హత వేరు. దింపేది వాటాదారుల ఓటు, అనర్హుణ్ని చేసేది చట్టం. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు లెక్కలు గానీ, వార్షిక రిటర్నులు గానీ దాఖలు చేయని కంపెనీ డైరెక్టర్‌ను 5 ఏళ్లపాటు ఆ కంపెనీలో మళ్లీ నియమించరాదు, వేరే కంపెనీలోనూ నియమించరాదు. 2017లో ఈ వేటు పడినవారిలో తెలంగాణ డైరెక్టర్లూ ఉన్నారు. వాళ్లు హైకోర్టుకెక్కితే, 2014 ఏప్రిల్ 1కి ముందరి లోపాలను ఇందులో లెక్కగట్టకూడదని 2019 జూలైలో తెలంగాణ హైకోర్టు తేల్చింది.

◆ మెజారిటీ వాటాదారు అణచివేస్తున్నాడని ఫిర్యాదుంటే సంగారెడ్డి సివిల్ కోర్టు మెట్లెక్కి లాభం లేదు. ట్రైబ్యునల్ చేతిలో పెట్టిన వ్యవహారాల్లో సివిల్ కోర్టులు ఇంజంక్షన్ ఇవ్వరాదని 430వ సెక్షన్ చెబుతోంది. వెళ్లాల్సింది జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్, అంటే ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచ్‌కి. మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చే అధికారం దానికుంది.

◆ మరి మన బావాబావమరుదుల సంగతి? వాటాలు సరిగ్గా చెరి సగమైతే ఓట్లు సమానమవుతాయి, తీర్మానం వీగిపోతుంది. ఛైర్మన్‌కు అదనపు ఓటు ఉంటే తప్ప ఒకరినొకరు దింపుకోలేరు, స్టే కోసం పరుగెత్తే పనీ లేదు. కంపెనీ పెట్టే రోజున ‘మనకెందుకులే లెక్కలు, చెరి సగం’ అనుకుని సంతకం పెట్టారే, తగువు వచ్చిన రోజున ఇద్దరినీ అక్కడే కట్టిపడేసేది ఆ సగమే.