పాత విద్యుత్ బండికి క్రొత్త కళ్లెము

కొన్ని దశాబ్దములకు పూర్వము మన యిండ్లలో పంకా రెగ్యులేటరు గోడమీద ఒక పెద్ద పెట్టెవలె ఉండెడిది. వేసవి రాత్రి పంకాను నెమ్మదిగా తిరుగనిచ్చి, ఆ పెట్టెపై చేయి వేసినచో వెచ్చగా తగిలెడిది. పంకాకు అక్కరలేని విద్యుత్తును లోపలి తీగచుట్ట వేడిగా మార్చి గాలిలో కలుపుచుండుటయే ఇందుకు కారణము. తరువాత వచ్చిన చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు ఇంత వేడెక్కదు. ఈ రెండింటికి గల భేదమును గ్రహించినచో, ఈ ప్రసంగ విషయము సగము తెలిసినట్లే.

అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1969లో ‘ఎలెక్-ట్రాక్’ అను చిన్న తోట ట్రాక్టరును విపణికి తెచ్చినది. దానిలో పెట్రోలు ఇంజను లేదు. సీసపు బ్యాటరీలు వరుసగా కలిపి 36 వోల్టులు సమకూర్చి, దానితో మోటారును నడిపెడివారు. గడ్డి కోయుటకు, మంచు త్రోయుటకు వేరువేరు పరికరములు తగిలింపవచ్చును. రాత్రి ఇంటి విద్యుత్తుతో బ్యాటరీలు నింపుకొని, పగలు తోటలో పనిచేయవచ్చును. 1970 దశకము గడచులోపలనే ఆ సంస్థ ఈ తయారీని ఆపివేసినది. కాని ఇనుము గట్టిది, మోటారు గట్టిది. అందుచేత అర్ధశతాబ్దము దాటినను కొందరు వాటిని పనిలో నిలుపుకొన్నారు. అరిగినది వేగమును నియంత్రించు భాగము. దాని స్థానములో నేటి ఎలక్ట్రానిక్ కంట్రోలరును అమర్చుట వారికి ఇష్టమైన పని.

పాత పద్ధతి ఎట్టిది? నిలిచియున్న మోటారుకు ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇచ్చినచో ప్రవాహము వరదవలె దూకును. ఆర్మేచరు నిరోధము 0.1 ఓము అనుకొందము. 36 వోల్టులకు 360 ఆంపియరులు పారును! తీగలకు, పళ్లచక్రములకు అది గొడ్డలిపెట్టు. అందుచేత మొదట ఆర్మేచరుకు వరుసగా నిరోధకములను చేర్చి, బండి కదలినకొలది కాంటాక్టరులచే వానిని ఒక్కొక్కటిగా తప్పించెడివారు. ఇంకను వేగము కావలసినప్పుడు ఫీల్డు చుట్ట బలమును తగ్గించెడివారు. ఫీల్డు బలము తగ్గినకొలది మోటారు వేగము పెరుగును. ఈ రెండవ ఉపాయములో వ్యర్థము స్వల్పము. వ్యర్థమంతయు మొదటి మెట్లలోనే కలదు. మోటారుకు 18 వోల్టులు, 50 ఆంపియరులు చాలుననుకొనుడు. మిగిలిన 18 వోల్టులను నిరోధకము మ్రింగును. అనగా 900 వాట్లు వేడియగును. ఒక ఇస్త్రీపెట్టెను బండికి తగిలించుకొని తిరిగినట్లే!

క్రొత్త కంట్రోలరు విద్యుత్తును మ్రింగదు, ముక్కలుగా కోయును. దానిలోని ట్రాన్సిస్టరులు క్షణమునకు వేలసార్లు తెరచుకొని మూసికొనును. సగముకాలము తెరచి, సగముకాలము మూసినచో మోటారుకు అందు సగటు 18 వోల్టులే. మూసిన క్షణములో ప్రవాహము తెగిపోదా? తెగిపోదు. మోటారు చుట్టలు ప్రవాహమును వెంటనే ఆగనీయవు. అది ఒక డయోడు మార్గమున తిరిగివచ్చి మోటారులోనే పారును. అందుచేత మోటారులో 50 ఆంపియరులు పారుచుండగా బ్యాటరీనుండి సగటున సుమారు 25 మాత్రమే పోవును. నెమ్మదిగా నడచుపనులలో బ్యాటరీ ఎక్కువసేపు నిలుచును. మెట్లు లేవు గనుక కుదుపు కూడ ఉండదు.

మెట్లను తొలగించు ఈ ప్రయత్నమును మన విశాఖపట్నము చాల పెద్ద ప్రమాణములో చూచినది. బైలదిలా ఇనుప ఖనిజమును రేవునకు తెచ్చు కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము అనంతగిరి కొండలలో సాగును. 1980 దశకము చివర ఈ మార్గమునకు స్వీడన్, జపాన్ దేశములనుండి థైరిస్టరులతో నియంత్రింపబడు విద్యుత్ ఇంజనులు వచ్చినవి. అంతకుముందటి ఇంజనులలో ట్రాన్స్‌ఫార్మరు మెట్లను మార్చుచు వేగము పెంచెడివారు. థైరిస్టరు ఆ మెట్లను నున్నని వాలుగా మార్చినది. పరికరము వేరైనను ఉద్దేశము ఒక్కటే.

ఇక అమరిక. కంట్రోలరు కొనుటకు ముందు మోటారు జాతిని తెలిసికొనవలెను. ఫీల్డు చుట్ట ఆర్మేచరుతో వరుసగా ఉన్న సిరీస్ మోటారుకు ఒక విధమైన కంట్రోలరు, శాశ్వత అయస్కాంతము గల మోటారుకు వేరొక విధము. ఫీల్డు చుట్ట ప్రత్యేకముగా ఉన్న మోటారుకు ఆర్మేచరును, ఫీల్డును వేరువేరుగా పోషించు కంట్రోలరు తగినది. అట్టి మోటారు చుట్టలు రెండింటిని కలిపి ఒకే ముక్కల విద్యుత్తునకు అప్పగించినచో, వోల్టేజి తగ్గినప్పుడు ఫీల్డు కూడ బలహీనమై, బరువు లాగవలసిన చోటనే బండి మొరాయించును. పరుగులో ఫీల్డు తీగ తెగినచో మరియొక ప్రమాదము: బరువు లేని మోటారు హద్దుమీరిన వేగము నందుకొనును.

అంతకుమించిన ప్రమాదమును నేను జాలరిపేటలో కన్నులార చూచితిని. చేపల తట్టలు, మంచుగడ్డలు మోయు ఒక పాత బ్యాటరీ బండికి అచ్చటి యువకుడు క్రొత్త కంట్రోలరు అమర్చినాడు. పాత కాంటాక్టరు ఇక దండుగయని తీసివేసినాడు. తాళముచెవి కంట్రోలరుకు పోవు సన్నని తీగను మాత్రమే త్రెంచును. కొన్ని దినములు బండి వెన్నవలె నడచినది. ఒకనాటి ఉదయము పాదము తీసినను బండి ఆగలేదు, పూర్తివేగముతో ఇసుక వైపు సాగినది. యువకుడు తాళము త్రిప్పినాడు, ఫలము లేదు. ఎదుట పిల్లలు ఆడుకొనుచున్నారు. వలలు బాగుచేయుచున్న ఒక పెద్దాయన “ఒరే బుల్లోడా, బేటరీ తీగ పీకీరా!” అని అరచుచు తానే పరుగున వచ్చి లావుపాటి ప్లగ్గును లాగివేసినాడు. ఫట్టుమని నిప్పురవ్వ లేచినది. బండి ఆగినది. తట్టలు దొర్లినవి గాని ఎవరికిని దెబ్బ తగులలేదు.

కారణమేమి? చెడిపోవు ట్రాన్సిస్టరు తరచు తెరచుకొనిన స్థితిలోనే అతుకుకొనిపోవును. అప్పుడు బ్యాటరీకి, మోటారుకు నడుమ అడ్డము లేదు. ఎలక్ట్రానిక్ ఆజ్ఞ ఏదియు పనిచేయదు. కావున క్రొత్త కంట్రోలరు వచ్చినను ప్రధాన కాంటాక్టరును పారవేయరాదు. తాళము, ఆసనము క్రింది స్విచ్చి, బ్రేకు స్విచ్చి ఆ కాంటాక్టరును విడిపించునట్లు కలుపవలెను. చేతికి అందునట్లు ఒక లాగుడు ప్లగ్గు, బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు ఉండవలెను. ఇవన్నియు ఏకముఖ విద్యుత్తునకు తగినవై యుండవలెను. ఇంటి స్విచ్చిలో ప్రవాహము క్షణమునకు నూరుసార్లు సున్నకు దిగుటచేత నిప్పు సులభముగా ఆరును. బ్యాటరీ ప్రవాహమునకు ఆ విరామము లేదు. కంట్రోలరులోని కండెన్సరులు ఖాళీగా ఉన్నప్పుడు కాంటాక్టరు మూసికొన్నచో దాని మొనలు అతుకుకొనవచ్చును. అందుచేత తయారీదారు చెప్పిన చిన్న నిరోధకము ద్వారా వానిని ముందుగా నింపవలెను. పని చేయునప్పుడు ఉంగరములు, గడియారము తీసివేయవలెను. నింపుచున్న సీసపు బ్యాటరీ వద్ద నిప్పు పనికిరాదు. మొదటి పరీక్షకు వెనుక చక్రములను నేలనుండి పైకెత్తి గట్టి దిమ్మెలపై నిలుపవలెను.

సముద్రతీరవాసులకు మరొక మాట. ఉప్పుగాలి రాగి మొనలను ఆకుపచ్చగా తినివేయును. బిగువు తగ్గిన మొన వేడెక్కును. మొనలను శుభ్రపరచి, బిగించి, పైన తగిన గ్రీజు పూయవలెను. ఇక ఆ బండి దగ్గరకు వచ్చినప్పుడల్లా మీ రేడియోలో బరబరధ్వని వినబడినచో నిలయమును నిందింపకుడు. ముక్కలుగా కోయబడిన విద్యుత్తు తీగలనుండి వెలువడు అలలు మధ్యతరంగములలో చొరబడును. తీగలను పొట్టిగా ఉంచి, రాకపోక తీగలను దగ్గరగా పెనవేసినచో అది చాలవరకు తగ్గును.

పాత యంత్రమును బ్రతికించుట మంచిపనియే. కాని ఆ యువకుని బండిలో ఇప్పుడు క్రొత్త కంట్రోలరు ప్రక్కనే పాత కాంటాక్టరు మరల ఉన్నది. తాళము త్రిప్పినప్పుడు అది ‘టక్కు’మనును. ఆ శబ్దము వినిన తరువాతనే పెద్దాయన తన తట్టలను బండిపై పెట్టనిచ్చును.