ఉప్పుగాలిలో ఇంటి సినిమా పెట్టె - తడవారు ఏది కొనాలి?

తడ : ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళలో 1990 ప్రాంతాల నాటి పెళ్ళి వీడియో క్యాసెట్లు బీరువా అడుగు అరలో పడి వున్నాయి. వాటిని చూపించే యంత్రాలు మూలనపడి ఏళ్ళు గడిచాయి. అందరూ మానేసినా ఆ యంత్రాలను తయారుచేస్తూ వచ్చిన జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో చేతులెత్తేసింది. పులికాట్ సరస్సు మీదుగా వచ్చే తేమగాలికి టేపుకు బూజు పడుతుంది. బూజు పట్టిన టేపు చెడిపోతే, అందులో అక్షింతలు వేస్తూ కనిపించే తాతగారు ఇక కనిపించరు.

క్యాసెట్లు, సీడీలు, ఫోన్లలోని ఫొటోలు అన్నీ ఒకచోట చేర్చి, ఇంట్లోని టీవీలోనో ఫోనులోనో కావలసినప్పుడు చూసుకునే ఏర్పాటు ఇప్పుడు సామాన్య కుటుంబాలకూ అందుబాటులోకి వచ్చింది. దీన్ని మీడియా సర్వర్ అంటారు. పేరు పెద్దదే గాని పెట్టె చిన్నది. ఒక చిన్న కంప్యూటరు, దానికి ఒక హార్డ్ డిస్కు, ఇంట్లోని వైఫై రూటరుకు ఒక తీగ - అంతే. తుపాను రోజుల్లో ఇంటర్నెట్టు తెగిపోయినా ఇంట్లో కరెంటు వుంటే చాలు, బొమ్మ వస్తుంది.

చిక్కు కొనేటప్పుడే వస్తుంది. ఎంత వేగం గలది కావాలని దుకాణాల్లో అడుగుతారు. తడలో ముందు చూడవలసింది వేగం కాదు. కరెంటు ఎంత తాగుతుంది? కరెంటు పోయి వస్తే ఏమవుతుంది? ఉప్పుగాలిని ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? ఈ మూడూ తేలిన తరువాతే మిగతావి.

ఇంట్లో వున్న పాత కంప్యూటరునే వాడుకుందామని చాలామందికి తోస్తుంది. అది ఊరికే వచ్చినట్టు కనిపిస్తుంది గాని, మీటరు సంగతి వేరు. ఇలాంటి పెట్టె రాత్రింబవళ్ళు నడుస్తూనే వుండాలి. 60 వాట్లు తాగే కంప్యూటరు ఏడాదికి దాదాపు 525 యూనిట్లు కాలుస్తుంది. 10 వాట్లతో సరిపెట్టుకునే చిన్న పెట్టెకు 88 యూనిట్లు చాలు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరిగే మన బిల్లులో ఈ తేడా చిన్నదేమీ కాదు. పైగా పాత కంప్యూటరులోని ఫ్యాన్లు ఉప్పుతేమను, దుమ్మును లోపలికి లాగి బోర్డు మీద పేరుస్తాయి.

అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై అనే కంప్యూటరు కరెంటు విషయంలో పొదుపరి. అయితే చాలామంది దాన్ని మెమరీ కార్డు మీద నడుపుతారు. కరెంటు హఠాత్తుగా పోతే కార్డులోని సమాచారం చెడిపోవడం తరచు జరిగే పని. దానికి ఇంకో బలహీనత కూడా వుంది. టీవీకి అర్థంకాని పద్ధతిలో సినిమా నిల్వచేసి వుంటే, సర్వరు దాన్ని అప్పటికప్పుడు టీవీకి తెలిసిన పద్ధతిలోకి మార్చి అందించాలి. ఇది దుబాసీ పని వంటిది. గట్టి యంత్రానికే చేతనవుతుంది. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్పులో ఈ పనికోసమే ప్రత్యేక భాగం వుంది, దాని వాడకం కూడా తక్కువే. ఫ్యాను లేకుండా ఈ చిప్పుతో వచ్చే చిన్న పెట్టెలు మన తీరానికి నప్పుతాయి. 2018 చివరలో మొదలైన జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వాటి మీద చక్కగా నడుస్తుంది.

అసలు దుబాసీ అవసరం లేకుండా చేసుకోవడం ఇంకా తెలివైన పని. క్యాసెట్లను ఎక్కించేటప్పుడే హెచ్.264 పద్ధతిలో ఎంపీ4 ఫైలుగా చేయించుకుంటే దాదాపు ఏ టీవీ అయినా, ఏ ఫోనయినా నేరుగా చూపిస్తుంది. అప్పుడు పెట్టె ఎంత చిన్నదయినా నెగ్గుకొస్తుంది.

డిస్కు ఒకటా, రెండా?

ఖర్చు పెట్టవలసిన చోటు ఇది. మూడు గంటల పెళ్ళి క్యాసెట్టును సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున నిల్వచేస్తే సుమారు 7 గిగాబైట్లు అవుతుంది. అంటే ఒక్క టెరాబైటులో 140 క్యాసెట్లు పడతాయి. బంధువుల పెళ్ళిళ్ళన్నీ కలిపినా అన్ని వుండవు! 8 టెరాబైట్ల డిస్కు ఒకటి కొనేకంటే 2 టెరాబైట్లవి రెండు కొనడం మేలు. రెండు డిస్కులు పట్టే రెడీమేడ్ పెట్టెలు కూడా దొరుకుతాయి. ఒకదానిలో వున్నదే రెండోదానిలోనూ రాస్తూ పోతాయి కనుక ఒక డిస్కు పాడయితే రెండోది ఆదుకుంటుంది. కాని పిల్లవాడు పొరపాటున ఫైలు చెరిపితే రెండింటిలోనూ చెరుగుతుంది, పిడుగు పడితే రెండూ పోతాయి. కాబట్టి రెండో డిస్కు పెట్టెలో వుండకూడదు, ఇంట్లోనూ వుండకూడదు. నెల్లూరులోనో చెన్నైలోనో వున్న ఆడపిల్ల ఇంట్లో దాచి, పండుగకు వచ్చినప్పుడల్లా తెప్పించి కొత్తవి చేర్చుకోవచ్చు.

ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈ తీరానికి ఉరుములు, గాలివానలు తప్పవు. ఇన్వర్టరు వున్న ఇళ్ళలో దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టుకుంటే కరెంటు పోయిన క్షణంలో పెట్టె ఆగిపోయే ప్రమాదం తగ్గుతుంది. కరెంటు రాగానే తనంతట తానే తిరిగి లేచే ఏర్పాటు పెట్టెలో వుందో లేదో కొనేముందే అడగాలి. ఫైబరు తీగలో వచ్చేది వెలుగు మాత్రమే కనుక దాని గాజుపోగు పిడుగును మోసుకురాదు. డిష్ తీగ, కరెంటు తీగ మాత్రం మోసుకొస్తాయి. ఉరుము వినిపించగానే పెట్టెను పద్ధతిగా ఆపి, తీగలన్నీ ఊడదీయడమే మందు.

పెట్టెను సరస్సు వైపు కిటికీలో పెట్టరాదు, వాననీరు చేరే నేలమీదా పెట్టరాదు. లోపలి గోడకు, ఛాతీ ఎత్తున అరలో వుంచాలి. ప్లాస్టిక్ కవరు తొడిగితే తేమ లోపలే నిలుస్తుంది. నడుస్తున్న పెట్టె కొంచెం వెచ్చగా వుంటుంది కనుక తేమ అంత తొందరగా పట్టదు.

మోటుగా నిలబడేదాన్ని ఎంచుకోవడం మన రాష్ట్రానికి కొత్తకాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. చేసిన సెట్లు వాడారు. వాటికి తగిలించిన పదడుగుల యాంటెన్నా కోళ్ళగూడుకు కట్టే ఇనుపజాలీతో చేసిందే!

పెట్టె కొనడం నెల ఆలస్యమయినా ఫరవాలేదు, క్యాసెట్ల పని ఆగదు. టేపు అంచున తెల్లని బూజు కనిపిస్తే దాన్ని ఏ యంత్రంలోనూ పెట్టి చూడరాదు. టేపు చెడడమే కాక, ఆ బూజు యంత్రంలోంచి తరువాతి క్యాసెట్టుకు అంటుకుంటుంది. ముందు శుభ్రం చేసి ఆ తరువాత ఎక్కించే స్టూడియోకే ఇవ్వాలి. ఫైలు చేతికి వచ్చాక మొదటి నుంచి చివరి వరకు ఇంట్లో కూర్చుని చూసుకోవాలి, అసలు క్యాసెట్టును కూడా మరువకుండా వెనక్కి అడిగి తెచ్చుకోవాలి.