విద్యుత్ మాండొలిన్

విద్యుత్ మాండొలిన్ కర్ణాటక సంగీత కచేరీలలో ప్రధాన వాద్యముగా స్థానము సంపాదించుకొన్న ఒక చిన్న తంత్రీ వాద్యము. ఇటలీలో పుట్టిన మాండొలిన్‌కు, 20వ శతాబ్దములో అమెరికాలో రూపు దిద్దుకొన్న విద్యుత్ గిటారుకు ఇది సంతానము వంటిది. దీనిని కచేరీ వేదిక ఎక్కించినవాడు పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969 ఫిబ్రవరి 28 - 2014 సెప్టెంబరు 19). మాండొలిన్‌కు ఉండే నాలుగు జతల తీగలను తీసివేసి, వాటి స్థానములో ఐదు ఒంటి తీగలు అమర్చడము ఈ వాద్యములో జరిగిన ముఖ్యమైన మార్పు. చూడడానికి ఇది చిన్న మార్పే. అయితే ఏ సంగీతానికైనా పనికివచ్చే విద్యుత్ గిటారును తయారు చేయాలనుకొనేవారు మొదట అర్థము చేసుకోవలసిన విషయము ఇందులోనే ఉన్నది.

మూల వాద్యము

మాండొలిన్‌కు ఎనిమిది తీగలుంటాయి. అవి రెండేసి చొప్పున నాలుగు జతలు. ఒక్కొక్క జతలోని రెండు తీగలనూ ఒకే స్వరానికి శ్రుతి చేస్తారు. జతల శ్రుతి వయొలిన్ శ్రుతియే: సుమారు 196, 294, 440, 659 హెర్ట్జ్‌లు. తీగ పొడవు గుర్రము నుండి పైమెట్టు వరకు సుమారు 35 సెంటీమీటర్లు. గిటారు తీగ పొడవులో ఇది సగము కన్నా కొంచెము ఎక్కువ మాత్రమే.

పొట్టి తీగ, చిన్న పెట్టె కావడము వలన మీటిన నాదము త్వరగా ఆగిపోతుంది. అందుకే పాశ్చాత్య వాద్యకారులు దీర్ఘ స్వరాలు కావలసినచోట ఒకే స్వరాన్ని అతివేగముగా మళ్ళీ మళ్ళీ మీటుతారు. తెలుగువారికి మాండొలిన్ పరిచయమైనది ఎక్కువగా సినిమా పాటల వాద్యబృందాల ద్వారా. అక్కడ వినిపించే ఆ గలగల నాదము ఈ పద్ధతి వలన వచ్చినదే.

గమకానికి ఎదురైన అడ్డంకి

కర్ణాటక సంగీతములో స్వరము ఒకచోట కదలకుండా నిలిచేది అరుదు. తోడి రాగములోని గాంధారాన్ని మెట్టు మీద నొక్కి ఊరకే మీటితే అది తోడి అనిపించుకోదు; పక్క స్వరాలను తాకుతూ ఊగినప్పుడే రాగము పలుకుతుంది. ఈ కదలికలనే గమకాలు అంటారు. వీణ మీద వైణికుడు తీగను మెట్టు మీదుగా పక్కకు లాగి, ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికిస్తాడు. దీనికి రెండు వసతులు కావాలి. తీగ లాగడానికి వీలుగా ఉండాలి; లాగుతున్నంతసేపూ నాదము నిలిచి ఉండాలి. మామూలు మాండొలిన్‌లో ఈ రెండూ లేవు.

మొదటి వసతి సంగతి చూద్దాము. తీగ పౌనఃపున్యము దాని తన్యత వర్గమూలానికి అనులోమానుపాతములో ఉంటుందని భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. షడ్జము నుండి చతుశ్రుతి రిషభానికి, అనగా రెండు అర్ధస్వరాలు, నాదము పెరగాలంటే తన్యత సుమారు 26 శాతము పెరగాలి. నాలుగు అర్ధస్వరాలు పెరగాలంటే దాదాపు 59 శాతము పెరగాలి. ఒంటి తీగ అయితే వేలు ఈ పని చేయగలదు. జంట తీగలైతే వేలు మొదటి తీగను నెట్టగా అది రెండవ దానిని నెట్టాలి. రెండింటి తన్యతా సరిగ్గా ఒకే విధముగా పెరగదు. ఒకటి 440 హెర్ట్జ్‌ల వద్ద, మరొకటి 444 హెర్ట్జ్‌ల వద్ద పలికితే సెకనుకు నాలుగు విస్పందనాలు వినబడతాయి. నిలకడ స్వరానికి జంట తీగలు నిండుదనము ఇస్తాయి, నిజమే. కానీ గమకములో అవే అపశ్రుతికి కారణమవుతాయి.

విద్యుత్ గిటారు నుండి అందిన సాయము

రెండవ వసతి, అనగా నాదము నిలవడము, విద్యుత్ గిటారు నుండి వచ్చినది.

బోలుగా ఉండే చెక్క పెట్టె పని తీగ కంపనశక్తిని గాలికి అందించడము. ఎంత త్వరగా అందిస్తే నాదము అంత గట్టిగా వినిపిస్తుంది. కానీ తీగలోని శక్తి అంత త్వరగా ఖర్చయిపోతుంది. గట్టిగా పలకడము, ఎక్కువసేపు పలకడము అనేవి ఒకే ఖజానా నుండి తీసే సొమ్ము వంటివి. వినిపించే బాధ్యతను విద్యుత్తుకు అప్పగిస్తే ఈ చిక్కు చాలావరకు తొలగిపోతుంది. అప్పుడు పెట్టె బోలుగా ఉండనవసరము లేదు. ఘనమైన చెక్కదిమ్మ తీగ శక్తిని తక్కువగా హరిస్తుంది. తరువాత సన్నగిల్లిన కంపనము కూడా ఆంప్లిఫయరు ద్వారా చెవికి చేరుతుంది. ఇక్కడ విద్యుత్తు నాదాన్ని పుట్టించడము లేదు, ఉన్నదానిని వినిపిస్తున్నది అంతే. విద్యుత్ మాండొలిన్‌ను కృత్రిమ వాద్యమని కొట్టివేసేవారు ఈ భేదాన్ని గమనించరు. మైకు ముందు కూర్చుని వీణ వాయించడములో ఉన్నది కూడా విద్యుత్ సాయమే కదా.

ఈ ఏర్పాటులో కీలకమైన భాగము పికప్. ఇది అయస్కాంతము చుట్టూ సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టిన చిన్న పరికరము. దాని ఎదుట ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత అభివాహము మారి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే ఇది. కనుక తీగ అయస్కాంత లక్షణము గల లోహానిదై ఉండాలి. ఇత్తడి, కంచు తీగలు పికప్‌కు వినబడవు. గుర్రానికి దగ్గరగా అమర్చిన పికప్ పదునైన నాదాన్ని, దండికి దగ్గరగా అమర్చినది గుండ్రని నాదాన్ని ఇస్తుంది. మన దేశపు విద్యుత్తు 50 హెర్ట్జ్‌ల ఏకాంతర ప్రవాహము కావడము చేత ఒంటి చుట్ట పికప్‌లు ఒక్కొక్కసారి తుమ్మెద రొద వంటి శబ్దాన్ని కూడా పట్టుకొంటాయి. రెండు చుట్టలను వ్యతిరేక దిశలలో కలిపి ఈ రొదను అణచే పికప్‌ను 1955లో గిబ్సన్ సంస్థలో సేత్ లవర్ రూపొందించాడు.

వాణిజ్యపరముగా విజయము సాధించిన తొలి విద్యుత్ గిటారు 1932లో రికెన్‌బాకర్ సంస్థ తెచ్చిన హవాయి గిటారు. పోత అల్యూమినియముతో చేసిన దానిని ఆకారాన్ని బట్టి వేపుడు పెనము అని పిలిచేవారు. ఘన దేహపు గిటారును 1950లో లియో ఫెండర్, 1952లో గిబ్సన్ సంస్థ విపణిలోకి తెచ్చారు. 1954 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు మూడు పికప్‌లు ఉన్నాయి. ఒకే వాద్యముతో పలు నాదాలు పలికించాలన్న ఆలోచన ఇందులో కనిపిస్తుంది. ఫెండర్ సంస్థ 1956లో నాలుగు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌ను కూడా తయారు చేసింది. కాబట్టి ఒంటి తీగ కేవలము మన కల్పన కాదు. దానిని గమకానికి సాధనముగా మలచుకొనడము మాత్రము పాలకొల్లు బాలుని ఘనత.

శ్రీనివాస్ మార్పులు

శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ సంగీతము నేర్చినవాడు. ఇంట్లోని తండ్రి మాండొలిన్‌ను శ్రీనివాస్ ఐదారేళ్ళ వయస్సులోనే చేతికి తీసుకొన్నాడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు ఇతనికీ గురువయ్యాడు. సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండొలిన్ వాయించడము రాదు. ఆయన పాడేవాడు, విన్నదానిని శిష్యుడు తీగల మీద వెతుక్కొని పలికించేవాడు.

ఈ శిక్షణా విధానము వాద్య నిర్మాణాన్ని అర్థము చేసుకోవడానికి చాలా ముఖ్యము. మాండొలిన్ విద్వాంసుడే గురువై ఉంటే వాద్యానికి అలవాటైన వేళ్ళ పద్ధతి ముందు వచ్చి, సంగీతము దానికి ఒదిగేది. ఇక్కడ గాత్రము ముందు వచ్చింది. గొంతులో ఉన్నది తీగ మీద పలకకపోతే మారవలసినది తీగయే అయింది. వాద్యాన్ని మార్చవలసిన అవసరము ఇలా కలిగినదని చెప్పవచ్చును.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో శ్రీనివాస్ తొలి కచేరీ చేశాడు. 1981లో మద్రాసులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ ఆధ్వర్యములో వాయించాడు. మాండొలిన్‌తో కర్ణాటక సంగీతమా అని సందేహించినవారు లేకపోలేదు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవములో వాయించి పాశ్చాత్య శ్రోతలకు పరిచయమయ్యాడు. 1998లో భారత ప్రభుత్వము పద్మశ్రీ పురస్కారము ఇచ్చింది.

వయొలిన్‌తో పోలిస్తే ఒక భేదము కనిపిస్తుంది. 19వ శతాబ్దములో బాలుస్వామి దీక్షితుల కాలము నుండి మన సంగీతములోకి వచ్చిన వయొలిన్‌కు మెట్లు లేవు. అందుచేత వాద్యాన్ని మార్చనక్కరలేకపోయింది. పట్టుకొనే తీరు, శ్రుతి చేసే తీరు మారితే సరిపోయింది. మెట్లున్న మాండొలిన్‌కు ఆ సౌకర్యము లేదు.

కొలతలు

మెట్ల మధ్య దూరాలు తీగ పొడవును బట్టి ఉంటాయి. పైమెట్టుకు, మొదటి మెట్టుకు నడుమ దూరము తీగ పొడవులో సుమారు 5.6 శాతము. 648 మిల్లీమీటర్ల స్ట్రాటోకాస్టర్ తీగకు ఇది 36 మిల్లీమీటర్లు. 352 మిల్లీమీటర్ల మాండొలిన్ తీగకు 20 మిల్లీమీటర్లు మాత్రమే. పన్నెండవ మెట్టు దగ్గర ఈ దూరాలు వరుసగా 19, 10 మిల్లీమీటర్లకు తగ్గుతాయి.

మాండొలిన్‌లో ఒక స్థాయి మొత్తము 176 మిల్లీమీటర్లలో ఇమిడిపోతుంది. గిటారుకు 324 మిల్లీమీటర్లు కావాలి. జారు గమకానికి మాండొలిన్ అనుకూలమైనది ఇందుకే. వేలు తక్కువ దూరము జరిగి ఎక్కువ స్వరాలు దాటుతుంది. శ్రీనివాస్ వాదనములోని వేగానికి అతని సాధనతోపాటు ఈ కొలత కూడా ఒక కారణము. అయితే తప్పుకు చోటు కూడా అంతే తక్కువ. పొట్టి తీగను కొద్దిగా లాగినా నాదము చాలా మారుతుంది కనుక వేలిని గిటారు మీదకన్నా సూక్ష్మముగా అదుపు చేయాలి.

మంద్రస్థాయిలో పొట్టి తీగకు మరొక ఇబ్బంది ఉన్నది. అదే తన్యతతో అదే స్వరము పలకాలంటే, సగము పొడవున్న తీగకు ప్రతి సెంటీమీటరుకు నాలుగు రెట్లు ద్రవ్యరాశి ఉండాలి. బాగా లావైన తీగ బిరుసెక్కి నాదములో స్వచ్ఛత తగ్గుతుంది. తన్యత తగ్గిస్తే తీగ వదులై నొక్కగానే శ్రుతి చెదురుతుంది. ఐదవ తీగను చేర్చడము వలన వాద్యపు పరిధి పెరిగింది కానీ వీణ మంద్రములోని గాంభీర్యము ఇందులో రాదు. ఈ లోటును ఏ పికప్ కూడా తీర్చలేదు.

గిటారు రూపకల్పనలో ఇదే ప్రశ్న

గిటారుకు సాధారణముగా ఒంటి తీగలే కనుక జంట తీగల బాధ లేదు. సుకుమార్ ప్రసాద్, ఆర్. ప్రసన్న వంటివారు విద్యుత్ గిటారు మీద కర్ణాటక సంగీతము వాయించారు. ఆంగ్ల గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో శక్తి బృందము కోసము ప్రత్యేకమైన గిటారు చేయించుకొన్నాడు. ఏబ్ వెక్టర్ తయారు చేసిన ఆ గిటారులో మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిచారు. అప్పుడు వేలు చెక్కను తాకక తీగనే తాకుతుంది, వీణలో వలె. ప్రధాన తీగలకు అడ్డముగా శ్రుతి కోసము మరికొన్ని తీగలు కూడా అమర్చారు. ఇతడు వీణ కూడా అభ్యసించినవాడు. 1990ల చివర శ్రీనివాస్ ఇతని రిమెంబర్ శక్తి బృందములో చేరి, మాండొలిన్, గిటారు జంటగా వాయించడము విశేషము.

మెట్ల స్థానాలు మరొక సమస్య. గిటారు మెట్లు స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తాయి. వీణ మెట్లను మైనములో అమరుస్తారు కనుక మైనము కరిగించి వాటిని జరపవచ్చును. టర్కీకి చెందిన తొల్గహాన్ చోవులు 2008లో రూపొందించిన గిటారులో ప్రతి తీగ కింద చిన్న చిన్న మెట్లు గాడిలో జరుగుతాయి. మైనముతో మన వారు ఎప్పటినుండో చేస్తున్న పనికి ఇది లోహములో చేసిన రూపము వంటిది. అయితే జరిపే మెట్టు రాగానికి స్థిరమైన స్వరస్థానాన్ని ఇస్తుంది కానీ గమకాన్ని ఇవ్వదు. ఒక్కొక్క తీగకు వేరు వేరు పికప్ అమర్చి, వాటి సంకేతాలను ఎలక్ట్రానిక్ పరికరాలకు పంపి ఏ వాద్యపు ధ్వనినైనా వినిపించే గిటారులు 1977 నుండి విపణిలో ఉన్నాయి. నాదాలు ఎన్ని పెరిగినా, లాగడానికి వీలులేని తీగ మీద అవి తోడి గాంధారాన్ని పలికించలేవు. పెక్కు సంగీతాలకు పనికివచ్చే గిటారులో మీటలకన్నా ముందు చూడవలసినవి తీగ పొడవు, తన్యత, మెట్ల ఎత్తు.

కలప

విద్యుత్ గిటారుల మెట్ల పలకకు భారతదేశపు ఇరుగుడు చేవ విరివిగా వాడబడుతున్నది. ఈ ప్రజాతి వృక్షాల అంతర్జాతీయ వర్తకము మీద 2017 జనవరిలో ఆంక్షలు వచ్చాయి. 2019లో తయారైన సంగీత వాద్యాలకు సడలింపు ఇచ్చారు. మన వీణలకు వాడేది పనస. విజయనగరము ప్రాంతములో బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి కళాకారులు వీణను ఒకే పనస మొద్దు నుండి తొలుస్తారు. దీనిని ఏకాండి వీణ అంటారు. దండి, కుండ వేరు వేరుగా చేసి అతికించనక్కరలేదు. దండి, దేహము అతుకు లేకుండా ఒకే దుంగ నుండి సాగే ఘన దేహపు గిటారులు కూడా ఉన్నాయి. కాకపోతే గిటారు దిమ్మను తొలవరు, వీణ మొద్దును లోపల తొలిచి కుండ చేస్తారు. తొలిచిన కుండ నాదాన్ని గాలికి అందిస్తే, తొలవని దిమ్మ నాదాన్ని తీగలోనే నిలుపుతుంది.