ఇంటిల్లిపాదీ చేసే పీహెచ్‌డీ

షిఫ్టు డ్యూటీ చేస్తూనే పరిశోధన కూడా చెయ్యాలన్న కోరిక ఇస్నాపూర్ చుట్టుపక్కల ఎందరికో ఉంది. అది నెరవేరాలంటే తెలివితేటలు ఒక్కటే చాలవు. ఫారం నింపకముందే కొన్ని ఏర్పాట్లు జరగాలి. ఆ ఏర్పాట్ల గురించే ఈ కథనం.

షిఫ్టు మారే వేళ ఇస్నాపూర్ చౌరస్తా కంపెనీ బస్సులతో, ఆటోలతో, టిఫిన్ డబ్బాలు పట్టుకుని నడిచే మనుషులతో నిండిపోతుంది. ఇక్కణ్నుంచే పాశమైలారం పారిశ్రామికవాడకు దారి మళ్లుతుంది. ముంబై హైవే మీద సంగారెడ్డి వైపు సాగితే ముందు రుద్రారంలో గీతం యూనివర్సిటీ, ఆ తర్వాత కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ వస్తాయి. ఈ ఐఐటీ 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలైంది. నగరం వైపు తిరిగితే పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. 1972 నుంచి మెట్టపంటల మీద పరిశోధన చేస్తున్న సంస్థ అది. ఫ్యాక్టరీలూ పరిశోధన సంస్థలూ ఇంత దగ్గరగా ఉన్న చోట్లు తెలుగునేల మీద అరుదు.

ఈ దారిలో రోజూ తిరిగేవాళ్లలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఎం.ఫార్మసీ, ఎంటెక్ చదివినవాళ్లు చాలామందే ఉంటారు. ప్రొడక్షన్‌లోనో, క్యూసీలోనో ఉద్యోగం చేస్తూ ఏదో ఒక రోజు ఆర్ అండ్ డీలోకి వెళ్లాలని ఆశపడతారు. ఆ ఆశకు ఈ ప్రాంత చరిత్రే ఊతమిస్తుంది. డాక్టర్ రెడ్డీస్ సంస్థాపకుడు కల్లం అంజిరెడ్డి పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పరిశోధన చేసి 1969లో డాక్టరేట్ పూర్తిచేశారు. ప్రభుత్వ ఔషధ సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేశాక సొంత పరిశ్రమల బాట పట్టి, 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను నెలకొల్పారు. ఆ కంపెనీ పేరు ముందున్న ‘డాక్టర్’ అలా పరిశోధనతో వచ్చిందే.

ముందు ‘ఎందుకు’ తేలాలి

పీహెచ్‌డీలో చేరే ముందు ప్రతి ఒక్కరూ తమను తాము ఒక ప్రశ్న అడగాలి: ఈ పట్టా నాకు దేనికి? కాలేజీ లెక్చరర్ కావడానికైతే నిబంధనలు మారాయని తెలుసుకోవాలి. 2023 జులై 1 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్, సెట్ లేదా స్లెట్ కనీస అర్హతగా సరిపోతుందని యూజీసీ ప్రకటించింది. పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కంపెనీలో ప్రమోషన్ కోసమైతే, అక్కడ డాక్టరేట్‌కు నిజంగా ఎంత విలువ ఇస్తున్నారో పైవాళ్లను ముందే అడిగి తెలుసుకోవాలి. ఒక ప్రశ్న వెంట ఏళ్ల తరబడి తిరగాలన్న తపనే అసలు కారణమైతే మాత్రం ఈ చదువు మీ కోసమే. పెళ్లిపత్రిక మీద పేరు ముందు రెండక్షరాలు చేరతాయన్న ఆశ మూడో ఏడు దాకా మనిషిని మొయ్యలేదు.

వారానికి 20 గంటలు

పీహెచ్‌డీకి యూజీసీ 2022 నవంబరులో కొత్త నిబంధనలు తెచ్చింది. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీస గడువు మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీరిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు దొరుకుతాయి. అవే నిబంధనలు ఉద్యోగస్తులకు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని అనుమతిస్తున్నాయి.

ఇక్కడ కాగితం మీద ఒక లెక్క వేసుకోవాలి. ఫుల్‌టైమ్ స్కాలర్ వారానికి 40 గంటలు, ఏడాదికి 50 వారాలు పనిచేస్తే మూడేళ్లలో 6,000 గంటలవుతాయి. అంతే పనిని పార్ట్‌టైమ్‌లో ఆరేళ్లలో ముగించాలంటే వారానికి 20 గంటలు కావాలి. అదీ మూడేళ్లలో పూర్తయ్యే పని అయితేనే.

ఎనిమిది గంటల షిఫ్టు, దాని మీద ఓవర్‌టైమ్, రానూపోనూ ప్రయాణం, వారం వారం మారే నిద్ర వేళలు. వీటి మధ్య ఆ 20 గంటలు ఎవరో ఒకరు ఇస్తేనే వస్తాయి. ఆదివారం పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లే పని భార్య మీద పడుతుంది. అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లే పని తమ్ముడి మీద పడుతుంది. ఊళ్లో పెళ్లిళ్లకు వెళ్లడం తగ్గిపోతుంది. రిజిస్ట్రేషన్ ఒకరి పేరు మీదే జరుగుతుంది. సమయం మాత్రం ఇల్లంతా చెల్లిస్తుంది. అందుకే దరఖాస్తుకు ముందే ఇంట్లోవాళ్లతో కూర్చుని, ఏ రోజు ఎన్ని గంటలు, ఆ సమయంలో ఇంటిపని ఎవరిదన్నది తేల్చుకోవాలి. అడక్కుండా తీసుకున్న సమయం తర్వాత గొడవగా మారుతుంది. అడిగి తీసుకున్నదైతే ఇంట్లోవాళ్లు కూడా ఆ పరిశోధనను తమదిగా చూసుకుంటారు.

పరిశోధనను బట్టి కాలం లెక్కా మారుతుంది. పంటల మీద పనిచేసేవాళ్లకు ఒక ఖరీఫ్ తప్పితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. కెమిస్ట్రీలో రియాక్షన్ మొదలుపెట్టాక షిఫ్టు టైమైందని మధ్యలో వదిలి రాలేరు. అంశం ఎంచుకునేటప్పుడే మీ డ్యూటీ వేళల్లో అది ఇముడుతుందో లేదో చూసుకోవాలి.

ఇద్దరి కథ, ఒకటే పాఠం

అనంతపురం జిల్లా శింగనమల మండలం నాగులగడ్డెం గ్రామానికి చెందిన సాకే భారతి కూలిపనులకు వెళ్తూనే చదువుకున్నారు. ఇంటర్ తర్వాత పెళ్లయింది. బిడ్డను పెంచుతూ, కొన్ని రోజులు పొలం పనికీ కొన్ని రోజులు కాలేజీకీ వెళ్తూ డిగ్రీ, పీజీ పూర్తిచేశారు. 2023లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి కెమిస్ట్రీలో డాక్టరేట్ అందుకున్నారు. భర్త ప్రోత్సాహం లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదన్నది ఆమె మాట.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది మరో దారి. స్కాలర్‌షిప్ లేక బోస్టన్‌లో ఆస్పత్రి నైట్ పోర్టర్‌గా పనిచేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రచురించారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్ మందులపై ఆయన బృందం చేసిన పని ప్రపంచానికి మేలు చేసింది. కానీ భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. వాళ్ల పసిబిడ్డ చనిపోయాడు. 1948లో కన్నుమూసే దాకా సుబ్బారావు స్వదేశానికి తిరిగి రాలేదు.

ఈ ఇద్దరినీ మనం గర్వంగా తలుచుకుంటాం. అయితే ప్రతి పరిశోధకుడూ అంతటి కష్టం పడాలని కోరుకోవడం న్యాయం కాదు. పట్టా వచ్చాక వేసే దండల కంటే, చేరే రోజున దొరికే ఆసరా విలువైనది.

డబ్బు మాట

నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్కన మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ అయ్యాక రూ.42,000, వీటితో పాటు ఇంటి అద్దె భత్యం. ఇది ఫుల్‌టైమ్ స్కాలర్లకు. ఉద్యోగం మాని చేరాలనుకునేవాళ్లు జీతానికీ ఫెలోషిప్‌కూ ఉన్న తేడా చూస్తే సరిపోదు. ఫెలోషిప్ నెల నెలా ఠంచనుగా పడుతుందన్న భరోసా లేదన్నదీ లెక్కలోకి తీసుకోవాలి. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ స్కాలర్ రోహిత్ వేముల రాసిన చివరి ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ ప్రస్తావన ఉంది. ఆ ఉత్తరం చదివినవాళ్లెవరూ బకాయిని ఆఫీసు జాప్యంగా కొట్టిపారెయ్యలేరు.

కాబట్టి చేరేముందు కనీసం ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన పెట్టుకోవాలి. చిట్టీలు, ఈఎంఐలు ఉంటే చాలావరకు తీర్చుకోవాలి. కెమికల్స్, శాంపిల్ పరీక్షలు, ప్రయాణాలు, థీసిస్ బైండింగ్ ఎవరి ఖర్చో గైడ్‌ను మొహమాటం లేకుండా అడగాలి.

కంపెనీ కాగితం, గైడ్ రిటైర్మెంటు

పార్ట్‌టైమ్ అభ్యర్థికి యాజమాన్యం ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తప్పనిసరి. పరిశోధనకు తగినంత సమయం దొరుకుతుందనీ, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం రిలీవ్ చేస్తామనీ అందులో ఉండాలి. హెచ్‌ఆర్ సంతకం చేసినా, షిఫ్టులు వేసే ఇన్‌చార్జి ఒప్పుకోకపోతే ఆ కాగితం పనికిరాదు. ఆయనతోనూ ముందే మాట్లాడాలి.

ఫార్మాలో మరో చిక్కుంది. కంపెనీ ల్యాబ్‌లో చేసిన పని మీద థీసిస్ రాస్తే ఆ డేటా ఎవరిది? థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగలో అది అందరికీ కనిపిస్తుంది. పేటెంట్ దరఖాస్తు కంటే ముందే విషయం బయటపడితే కంపెనీ తన హక్కు కోల్పోవచ్చు. ఏది ప్రచురించవచ్చో, ఏది కూడదో తొలిరోజే రాతపూర్వకంగా తేల్చుకోకపోతే అయిదేళ్ల శ్రమ బీరువాలో ఆగిపోతుంది.

గైడ్ ఎంపిక పెళ్లి సంబంధం అంత జాగ్రత్తగా జరగాలి. ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే గైడ్‌గా ఉండొచ్చు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపే ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. పాత స్కాలర్లను కలిసి, సార్ చాప్టర్ ఎన్నాళ్లకు చదివి ఇస్తారో, సొంత పనులు చెబుతారో లేదో తెలుసుకోవడం తప్పేమీ కాదు.

ఆడవాళ్లకు తెలియాల్సినవి

పెళ్లి, కాన్పు, బదిలీ. ఈ మూడింటి దగ్గర ఎందరో అమ్మాయిల పరిశోధన ఆగిపోతుంది. నిబంధనల్లో వాళ్లకు కొన్ని వెసులుబాట్లున్నాయి. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి అదనంగా రెండేళ్లు, అంటే మొత్తం పదేళ్ల గడువు. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం కాలంలో 240 రోజుల వరకు. పెళ్లయి మరో ఊరు వెళ్లాల్సి వస్తే పరిశోధన డేటాను అక్కడి సంస్థకు మార్చుకునే వీలుంది. ఇవి ఎవరి దయా కాదు, హక్కులు. సంబంధం ఖాయం చేసుకునేటప్పుడే చదువు సంగతి అత్తింటివారితో తేల్చి మాట్లాడాలి. ములుగు ఎమ్మెల్యేగా ఉంటూనే సీతక్క 2022లో ఉస్మానియా నుంచి గొత్తికోయల జీవితాలపై పరిశోధనకు డాక్టరేట్ పొందారు. బాధ్యతలు ఎన్ని ఉన్నా వీలు కల్పించుకోవచ్చని ఆమె చూపించారు.

మనసుకూ ఒక తోడు

పరిశోధనలో ప్రయోగాలు చాలాసార్లు విఫలమవుతాయి. స్కూలు నుంచి ఫస్ట్ ర్యాంకుల్లో నడిచిన మనిషికి అది పెద్ద దెబ్బ. ‘నేచర్’ పత్రిక 2019లో ప్రపంచవ్యాప్తంగా 6,300 మందికి పైగా పీహెచ్‌డీ విద్యార్థులను అడిగితే, చదువు తెచ్చిన ఆందోళన, కుంగుబాటుకు సాయం కోరామని 36 శాతం చెప్పారు. నైట్ షిఫ్టులు దీనికి తోడైతే భారం ఇంకా పెరుగుతుంది. నెలకోసారైనా కలిసి మాట్లాడుకునే ఇద్దరు ముగ్గురు స్కాలర్లను వెతుక్కోవాలి. నిద్ర పట్టక, బతుకు మీద విరక్తి కలుగుతుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

అడ్డదారి వద్దు

సమయం చాలనప్పుడే ‘థీసిస్ రాసిపెడతాం’ అనే ప్రకటనలు ఆకర్షిస్తాయి. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రచనలతో పోలిక పది శాతం దాటితే థీసిస్ వెనక్కి వస్తుంది, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. విదేశీ వర్సిటీల పేరుతో ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022 అక్టోబరులోనే హెచ్చరించాయి. పైసలూ పోతాయి, పరువూ పోతుంది.

దరఖాస్తుకు ముందు మూడు సంభాషణలు

• ఇంట్లో: వారానికి 20 గంటలు ఎలా, ఎన్నేళ్లు, ఎవరి సాయంతో?
• కంపెనీలో: ఎన్‌ఓసీ, షిఫ్టు సర్దుబాటు, డేటా హక్కులు, ప్రచురణ అనుమతి.
• గైడ్ దగ్గర: అంశం, ఖర్చు, కలిసే వేళలు, ఆయన సర్వీసు ఇంకెంత ఉంది?

బాధ్యత అభ్యర్థి ఒక్కడిదే కాదు. పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు కంపెనీలు తమ పరిశోధక ఉద్యోగులకు వారంలో ఒక్కరోజు స్థిరంగా జనరల్ షిఫ్టు ఇచ్చినా చాలు. విశ్వవిద్యాలయాలు కోర్స్‌వర్క్‌ను శని, ఆదివారాల్లో పెట్టినా చాలు. థీసిస్ ఇచ్చిన ఆరు నెలల్లో వైవాతో సహా మూల్యాంకనం ముగించాలన్న నిబంధనను తు.చ. తప్పకుండా పాటించినా చాలు. ఫ్యాక్టరీ నేల మీద సమస్యను రోజూ కళ్లతో చూసే మనిషికి దాని మీద పరిశోధించే వీలు దొరికితే, ఆ జవాబు మొదట ఉపయోగపడేది ఈ ప్రాంతానికే. ఇక్కడి నీళ్లకు, గాలికి, కార్మికుల భద్రతకు అలాంటి జవాబులు ఎంతో అవసరం. వాటిని వెతకగల వాళ్లు మన షిఫ్టుల్లోనే ఉన్నారు. వాళ్లకు సమయం ఇవ్వడం మన పని.