వాకిట్లో గుంత పడితే...

అక్కలారా, తెల్లవారి లేస్తూనే మనం ముందు చూసేది వాకిలి. ఊడుస్తాం. పేడనీళ్లు చల్లుతాం. ముగ్గు వేస్తాం. వాకిలి కళకళలాడుతుంది. కానీ ముగ్గు పక్కనే ఉన్న గుంతను చూస్తున్నామా?

మా అవ్వ చూడలేదు. అవి కార్తీకమాసం వానలు. నీళ్ల గంగాళం పక్కన చిన్న గుంత ఉండేది. జానెడు వెడల్పు కూడా లేదు. వాననీళ్లు నిండి, నేలతో సమంగా కనిపించింది. అవ్వ అందులో కాలు పెట్టి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత ఆమె ఒంటరిగా గడప దాటలేదు. "గంపెడు మన్నుతో పొయ్యేదాన్ని ఇంత దూరం తెచ్చుకుంటిమే" అని మా అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది.

గుంత ఎందుకు పడుతుంది?

రోజూ ఊడ్చేటప్పుడు చీపురు వెంట సన్నటి మన్ను కొంచెం కొంచెంగా పోతుంది. చూరు నీళ్లు ఒకేచోట పడి నేలను తొలుస్తాయి. కోళ్లు గీరుతాయి. బిందెలు పెట్టే చోట నేల నాని మెత్తబడుతుంది. ఒకసారి పల్లం పడితే చుట్టుపక్కల నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. అందుకే చిన్న గుంత పెద్దదవుతుంది.

నీళ్లు నిలిస్తే కాలు జారడం ఒక్కటే కాదు. వారం పది రోజుల్లో దోమలు పుడతాయి. మట్టిగోడ అయితే అడుగున నానుతుంది.

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద వానలు వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులే మునిగాయి. స్వర్ణముఖి పొంగింది. అంత వాన వస్తే మనం ఆపలేం. మామూలు వానకు వాకిట్లో నీళ్లు నిలవకుండా చేసుకోవడం మాత్రం మన చేతిలో పనే. ఆ పని వానలకు ముందే చేసుకోవాలి.

మనం చేసే తప్పు

గుంతలో నాలుగు పిడికిళ్ల మన్ను వేస్తాం. పైన పేడతో అలికేస్తాం. చూసేదానికి బాగుంటుంది. ఒక్క వానకు మళ్లీ గుంతే! ఎందుకని? కింద బురద అలాగే ఉంది. కొత్త మన్ను పాత నేలను పట్టుకోలేదు. అడుగు గట్టిగా లేకపోతే పైపూత నిలవదు.

ఇలా చేయండి

1. బట్టలు ఉతికిన నీళ్లు ఒక బిందెడు వాకిట్లో పోయండి. ఎటు పోతున్నాయి? ఎక్కడ నిలిచాయి? నిలిచిన చోట గుర్తు పెట్టుకోండి. నీళ్లు ఇంటి గోడ వైపు రాకూడదు. కాలువ వైపో, చెట్టు పాదు వైపో పోవాలి. పది అడుగులకు రెండు అంగుళాల వాలు ఉంటే చాలు.

2. గుంతలోని బురద, చెత్త, వదులు మన్ను తీసేయండి. గట్టి నేల తగిలేదాకా గడ్డపారతో తవ్వండి. అంచులు నిలువుగా చెక్కండి. అంచు పలచగా ఉంటే పెచ్చులుగా లేస్తుంది.

3. గుంత లోతుగా ఉంటే అడుగున చిన్న రాళ్లు, పెంకు ముక్కలు, గరుసు వేసి గట్టిగా కొట్టండి.

4. పైన ఎర్రమన్ను వేయండి. మరీ ఇసకగా ఉంటే కొంచెం బంకమన్ను కలపండి. నల్లరేగడి వద్దు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. మన్నును తడపండి. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు.

5. మన్నంతా ఒకేసారి పోయొద్దు. నాలుగు వేళ్ల మందం వేసి, దిమ్మిసతో కొట్టండి. మళ్లీ అంతే మందం వేసి కొట్టండి. చివరికి నేల కంటే అర అంగుళం ఎత్తు ఉంచండి. తర్వాత అది సర్దుకుంటుంది.

6. రెండు రోజులు ఆరనివ్వండి. అప్పుడు పేడ, మన్ను కలిపి అలకండి. పేడలోని సన్నటి పీచు మన్నును పట్టి ఉంచుతుంది. బీటలు తగ్గుతాయి.

చూరు నీళ్లు పడే చోట వరుసగా బండలు పరచండి. అక్కడ ఇక గుంత పడదు.

జాగ్రత్త!

చేతికి, కాలికి పుండు గానీ గాయం గానీ ఉంటే పేడను తాకవద్దు. పేడలో, మన్నులో ధనుర్వాతం తెచ్చే క్రిములు ఉంటాయి. గాయానికి గానీ, పసిబిడ్డ బొడ్డుకు గానీ పేడ పూయకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు, కాళ్లు కడుక్కోండి.

ప్లాస్టిక్ పచ్చికకూ ఇదే సూత్రం

పట్నంలో కొన్ని ఇళ్ల ముందు ప్లాస్టిక్ పచ్చిక పరిచి ఉంటుంది. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, పైకప్పు ఉన్న ఆటస్థలంలో మామూలు గడ్డి బతకలేదు. అందుకని 1966లో అక్కడ ఇలాంటి పచ్చిక పరిచారు. దాంతో అది పేరుపడింది. ఇదీ చినుగుతుంది. చినిగిన ముక్కను నలుచదరంగా కోసి తీయాలి. కింద ఇసుక, కంకర కుంగి ఉంటే ముందు దాన్ని సమం చేసి గట్టిగా కొట్టాలి. తర్వాత అదే కొలత ముక్కను, పోచలు ఒకే వైపు వాలేట్టు, అడుగున పట్టీ వేసి జిగురుతో అతకాలి. కింద గుంత ఉంచి పైన అతికితే మళ్లీ ఊడుతుంది. మన మట్టి వాకిలైనా, వాళ్ల పచ్చికైనా అడుగే ముఖ్యం.

ఇది ఎవరి పని?

ముగ్గు వేసేది మనమే కాబట్టి గుంత పూడ్చేదీ మనమే అనుకోవద్దు. వాకిట్లో అందరూ నడుస్తారు. మగవాళ్లను గడ్డపార, దిమ్మిస పట్టమనండి. పిల్లలు రాళ్లు ఏరుకొస్తారు. ఒక్క పూటలో పని అయిపోతుంది.

వీధి కాలువ పూడిపోయి, నీళ్లు మన వాకిట్లోకి వస్తున్నాయా? అప్పుడు ఒక్క ఇల్లు బాగుచేసుకుంటే చాలదు. వీధిలోని ఆడవాళ్లంతా కలిసి పంచాయతీకి అర్జీ రాయండి. మనకిప్పుడు రాయడం వచ్చు కదా! కింద ఎవరి సంతకం వాళ్లే పెట్టండి.

ఆలోచించండి

మీ వాకిట్లో నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి?
చీకట్లో ఆ దారిన నడిచే ముసలివాళ్లు, గర్భిణీలు మీ ఇంట్లో ఉన్నారా?
రేపు ఒక బిందె నీళ్లు పోసి చూస్తారా?