ఒకే భవనం... నాలుగు ట్రామ్ స్టాపులు!

మీకు తెలుసా? ఒక్క భవనం దాటేలోపు ట్రామ్‌కు నాలుగు స్టాపులు తగిలే చోటు ఒకటుంది! వియన్నాలోని కార్ల్ మార్క్స్ హోఫ్. పొడవు కిలోమీటరు పైమాటే. వాటాలు 1,382. నగరపాలక సంస్థ కట్టించి, 1930లో ప్రారంభించి, కార్మికులకు చవగ్గా అద్దెకిచ్చింది. ఈ చివరి వాటా అత్తగారు ఆ చివరి వాటా కోడల్ని చూడాలంటే ట్రామెక్కాల్సిందే!

డబ్బెక్కడిదంటారా? 1923లో ఇళ్లు కట్టడానికనే ఒక పన్ను వేశారు. ఇల్లు ఎంత ఖరీదైతే పన్ను అంత బరువు. అన్నిటికన్నా ఖరీదైన అర శాతం ఆస్తుల నుంచే దాదాపు 45 శాతం రాబడి! 1934 నాటికి 60 వేలకు పైగా వాటాలు లేచాయి. ఇప్పుడు ఆ నగరం చేతిలో సుమారు 2 లక్షల 20 వేల ఇళ్లున్నాయి. అద్దె వసూలుకు బయల్దేరితే ఎన్ని తలుపులు తట్టాలో!

మీకు తెలుసా? వియన్నాలో మీకు ఉద్యోగమిస్తే మీ యజమాని మెట్రోకు కప్పం కట్టాలి! 2012లో ఆ కప్పం ఒక్కో ఉద్యోగికి వారానికి 2 యూరోలైంది. మీరు రైలెక్కినా ఎక్కకపోయినా సరే!

ఊరు పుట్టాక రైలు రావడం మామూలే. రైలొచ్చాక ఊరు పుడితే? వియన్నా శివార్లలోని జేస్టాట్‌కు మెట్రో 2013లో వచ్చింది. తొలి కాపురాలు దిగింది 2014లో. ఏడాది పాటు స్టేషనే జనం కోసం ఎదురుచూసింది!

అదే నగరం 2012లో వార్షిక పాస్ ధరను 449 యూరోల నుంచి 365కు దించింది. అంటే అప్పట్లో రోజుకు ఒక్క యూరో! కొన్నేళ్లకే ఊళ్లో కార్లకన్నా పాస్‌లే ఎక్కువయ్యాయి.

ఇక కాలిఫోర్నియాకు పదండి. మీకు తెలుసా? అక్కడ పొగ ఇళ్లు కడుతుంది! కర్బన ఉద్గారాలకు కంపెనీలు వేలంలో అనుమతులు కొనుక్కుంటాయి. ఆ సొమ్ములో ఐదో వంతు బస్సుకో రైలుకో దగ్గర్లోని చవక ఇళ్లకూ, అక్కడి రవాణా వసతులకూ అని 2014లో చట్టం చేశారు. స్టాపో స్టేషనో అర మైలు లోపే ఉండాలి. అద్దె 55 ఏళ్లపాటు అందుబాటులోనే ఉండాలి. పైగా వాటాకో ఉచిత రవాణా పాస్, 3 ఏళ్లపాటు! తాళంచెవితో పాటు టికెట్టు కూడా!

అక్కడే మరో వింత. పెద్ద రవాణా స్టాపుకు అర మైలు లోపు ఇళ్లు కట్టేవాళ్లను ‘ఇన్ని పార్కింగ్ చోట్లు ఉండాల్సిందే’ అని 2023 నుంచి ఊళ్లు సాధారణంగా నిర్బంధించలేవు. కార్ల రాజ్యంలో కారుకే చోటు ఐచ్ఛికం!

అదే కాలిఫోర్నియాలోని బే ఏరియా తెలుగువాళ్లకు అక్కడి బార్ట్ రైలు కొత్తేం కాదు. మరి ఓక్లాండ్‌లోని ఫ్రూట్‌వేల్ స్టేషన్ సంగతి? 1991లో అక్కడ బహుళ అంతస్తుల పార్కింగ్ కడతామన్నారు. బస్తీవాసులు ససేమిరా అన్నారు. 2004లో దానికి బదులు ఇళ్లు, క్లినిక్, లైబ్రరీ, బడి, వృద్ధుల కేంద్రం వచ్చాయి. కార్ల కొట్టం కావాల్సింది పేటకు నడిబొడ్డయింది!

మీరూ ఈసారి మెట్రో దిగగానే అడుగులు లెక్కపెట్టండి. సామాన్యుడికి అందే అద్దె ఇల్లు ఎన్నో అడుగుకు తగిలింది? ఆ అంకె మీ కార్పొరేటర్‌కు చెప్పండి!